ఊసరవెల్లి బోనులోకి ఏ మొక్క? మనీప్లాంట్, మందారం, గొడుగు మొక్క, ఫైకస్: ఒక పోలిక

తొండ ముదిరి ఊసరవెల్లి అవుతుందని సామెత. మా ఇంట్లో అక్షరాలా అదే జరిగింది. మా అమ్మాయి ఒక వేసవిలో తన స్నేహితురాలి బియర్డెడ్ డ్రాగన్‌ని నెల్లాళ్ళు చూసుకుంది. అది ఆస్ట్రేలియా జీవి గానీ, చూస్తే మన కంచె మీద తల ఊపే తొండకి చుట్టమే. అది వెళ్ళిపోయిన మర్నాటి నుంచి ఒకటే పాట, ఊసరవెల్లి కావాలి. ఏడాదిపాటు బేరాలాడి మేమే ఓడిపోయాం. ఇప్పుడు టెక్సాస్‌లో, ఫ్రిస్కోలోని మా ఇంటి హాల్లో, నాలుగడుగుల ఎత్తు జాలీ బోనులో రంగడు కాపురం ఉంటున్నాడు. వెయిల్డ్ జాతి మగవాడు. యెమెన్, సౌదీ అరేబియా నైరుతి మూల వాళ్ళ పుట్టిల్లు. తోకతో కలిపి అడుగున్నర ఉంటాడు.

బోను, దీపాలు ఏవి కొనాలో ఒక్క శని, ఆదివారాల్లో తేలిపోయింది. మొక్కల సంగతి తేలడానికి ఐదు నెలలు పట్టింది. అందులో ఒక పెద్ద పొరపాటు కూడా చేశాను. అదేమిటో మందారం దగ్గర చెబుతాను.

ఇండియా నుంచి చదువుతున్నవాళ్ళకి ముందుగా ఒక మాట. మన పొలం గట్ల మీద కనిపించే ఊసరవెల్లిని పట్టి పెంచడం నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 దానికి రక్షణ ఇస్తుంది. వెయిల్డ్, పాంథర్ లాంటి విదేశీ జాతులు వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి, అవి మీ దగ్గర ఉంటే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు లేకుండా ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

మొక్కతో మనకేం పని

ఊసరవెల్లి గిన్నెలో నీళ్ళు తాగదు. కదలని నీటిని అది నీరుగా పట్టించుకోదు. దానికి ఆకు మీద మెరుస్తూ జారే చుక్క కావాలి. పొద్దున్నే నీటి తుంపర చల్లే మిస్టర్ వేయగానే రంగడు కదలకుండా ఒక కన్ను పైకీ ఒక కన్ను కిందికీ తిప్పుతాడు. ఆ తర్వాత మెల్లగా, అడుగు వెనక్కీ ముందుకీ ఊగుతూ, ఏదో ఒక ఆకు దగ్గరకి చేరతాడు. ఆకు మొనన వేలాడే చుక్కకి మూతి ఆనించి, గొంతు కింది చర్మం టిక్కు టిక్కుమని కదిలేలా తాగుతాడు. ఒక్కోసారి పది నిమిషాలు పడుతుంది. మొక్క లేకపోతే ఈ తాగడమే సరిగ్గా జరగదు.

నీళ్ళు పట్టడం ఒక పని. మనుషుల కంట పడకుండా దాక్కునే మరుగు ఇవ్వడం రెండోది. ఇది చిన్న విషయం కాదు, నలుగురూ తిరిగే హాల్లో మరుగు లేని ఊసరవెల్లి బెదురుతో తిండి మానేస్తుంది. మూడోది బరువు మోయడం. నాలుగోది, కొరికినా ప్రాణం మీదికి రాకపోవడం. ఈ నాలుగూ ఒకేలా చేసే మొక్క నాకింకా దొరకలేదు. అందుకే ఎంచుకోవడం కష్టమైంది.

ప్లాస్టిక్ తీగలు పెడితే ఈ తలనొప్పి ఉండదు కదా అని నేనూ అనుకున్నాను. పాంథర్ జాతికైతే కొంతవరకు నడుస్తుంది. వెయిల్డ్‌కి మాత్రం వద్దు. అది ప్లాస్టిక్ ఆకునీ కొరుకుతుంది, మింగిన ముక్క పేగులో అడ్డం పడుతుంది. పైగా ప్లాస్టిక్ ఆకు గాలిలోకి తేమ వదలదు. ఏసీ నడిచే ఇంట్లో ఆ తేడా బాగా తెలుస్తుంది.

ముందు మీ దగ్గర ఏ జాతి ఉందో చూడండి

వెయిల్డ్ ఆకులు తింటుంది. నీళ్ళ కోసమని కొందరు, పీచు కోసమని కొందరు అంటారు. కారణం ఏదైనా, మా రంగడు వారానికి మూడు నాలుగు ఆకులు చంద్రవంకలా కొరికి వదిలేస్తాడు. కాబట్టి వెయిల్డ్ ఉన్నవాళ్ళు బోనులో పెట్టే ప్రతి మొక్కనీ కూరగాయ కిందే లెక్కేసుకోవాలి.

మడగాస్కర్ నుంచి వచ్చిన పాంథర్, కెన్యా, టాంజానియా కొండల్లోని జాక్సన్స్ ఆకు జోలికి పోవడం అరుదు. అక్కడ కాస్త వెసులుబాటు ఉంది. అలాగని పూర్తిగా ధీమాగా ఉండకూడదు. మనం మేతగా వదిలే క్రికెట్లు, అంటే కీచురాళ్ళు, ఆకులు తింటాయి. మందు కొట్టిన ఆకు తిన్న కీచురాయిని పాంథర్ తింటే, ఆకు తినకపోయినా ఆ మందు దాని కడుపులోకే చేరుతుంది.

ఇంకొకటి. ఇంటర్నెట్‌లో విషపు మొక్కల జాబితా వెతికితే మొదట వచ్చేది అమెరికా జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏది. అది కుక్కలు, పిల్లులు, గుర్రాల కోసం రాసింది. అందులో మనీప్లాంట్, గొడుగు మొక్క, ఫైకస్, డ్రసీనా నాలుగూ విషపు మొక్కలే. ఊసరవెల్లులు పెంచేవాళ్ళు ఏళ్ళ తరబడి బోనుల్లో పెడుతున్నవీ ఈ నాలుగే! ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. పిల్లి కడుపు వేరు, ఊసరవెల్లి కడుపు వేరు. ఊసరవెల్లి విషయంలో మనకున్న ఆధారం ఎక్కువగా పెంచేవాళ్ళ అనుభవమే. దాన్ని అనుభవంగానే తీసుకోవాలి, హామీగా కాదు. నా పద్ధతి ఇది: రెండు వైపులా మంచిదనిపించుకున్న మొక్క దొరికితే దానికే మొదటి చోటు. ఒక వైపే మంచిదన్న మొక్క అయితే, అది ఏ పనికి పనికొస్తుందో చూసి ఆ పని వరకే వాడతాను.

మనీప్లాంట్

దీన్ని చంపాలంటే పట్టుదల కావాలి. సీసాలో నీళ్ళు పోసి పెట్టినా బతుకుతుంది, వెలుతురు తగ్గినా బతుకుతుంది. ఆకు నున్నగా ఉంటుంది, మొన కిందికి వంగి ఉంటుంది, నీటిచుక్క సరిగ్గా అక్కడే వేలాడుతుంది. నీళ్ళు తాగించే పనికి దీన్ని మించింది నేను చూడలేదు. బోను పైనుంచి కుండీ వేలాడదీస్తే రెండు మూడు నెలల్లో తెర కట్టినట్టు అల్లుకుంటుంది. దాంతో మరుగు కూడా అదే ఇస్తుంది.

లోపాలు రెండు. తీగ కాబట్టి బరువు మోయదు, ఎదిగిన మగ వెయిల్డ్ ఎక్కితే కిందికి సాగిపోతుంది. కింద కర్రలు కట్టాల్సిందే. రెండోది, ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. ఇదేదో కొత్త సంగతి కాదు. కంద కోస్తే చేతులు ఎందుకు దురద పెడతాయో, చేమాకులో చింతపండు ఎందుకు వేస్తామో, కారణం అదే. కంద, చేమ, మనీప్లాంట్ మూడూ ఒకే కుటుంబం. వెయిల్డ్‌లు మనీప్లాంట్‌ని కొరకడం అందరూ చూసిందే. రంగడూ కొరికాడు, ఏమీ కాలేదు. కానీ తినడానికి బోనులో అదొక్కటే ఉండే పరిస్థితి రానివ్వకూడదన్నది నా అభిప్రాయం. మంచి ఆకు పక్కనే ఉంటే వాడు దీన్ని పెద్దగా ముట్టుకోవడం లేదు.

మందారం

మందారం పేరు చెప్పగానే మా అత్తయ్య గుర్తొస్తారు. తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చారు. మొదటి రెండు వారాలు హాల్లోకి రావాలంటే చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గోడవారనే వచ్చేవారు. మూడో వారంలో నేను బోనులో మందారం పువ్వు పెడుతుంటే చూసి, "ఇదేంటమ్మా, దేవుడికి పెట్టాల్సిన పువ్వు దీనికి పెడుతున్నావు?" అన్నారు. రంగడు ఆ ఎర్ర రెక్కని పట్టి లాగి నమలడం దగ్గర నుంచి చూశాక, "తిననీలే, వాడూ ప్రాణే" అని ఆవిడే రోజూ కోసి ఇవ్వడం మొదలుపెట్టారు.

వెయిల్డ్‌కి ఆకుతో సహా అన్నీ తినదగిన మొక్క మందారం. ఆకు మెత్తన, పువ్వు మెత్తన. కొమ్మ రెండేళ్ళకి గట్టిపడి బరువు కూడా మోస్తుంది. మనం మామూలుగా దేవుడికి కోసే మందారం గురించే ఈ మాట. జాలీ బోనులో దీనికి కావాల్సినంత వెలుతురు ఉండదన్నది మొదటి చిక్కు. అతినీలలోహిత ట్యూబు ఊసరవెల్లికి, మొక్కకి కాదు. మందారానికి పైన వేరే 6500 కెల్విన్ ఎల్‌ఈడీ పెట్టాలి. పెట్టినా ఐదారు వారాలకి ఆకులు పసుపెక్కి రాలతాయి. నేను రెండు కుండీలు ఉంచుకుని మార్చుతున్నాను. ఒకటి బోనులో ఉంటే ఒకటి పెరట్లో ఎండలో ఉంటుంది. రెండో చిక్కు పురుగు. పిండినల్లి, తెల్లదోమ, పేనుబంక మూడూ మందారాన్ని వెతుక్కుంటూ వస్తాయి. ఆ పురుగు రాకుండా నర్సరీల వాళ్ళు చేసే పనే అసలు ప్రమాదం.

ఇప్పుడు నా పొరపాటు. మొదటి మందారాన్ని ఒక పెద్ద దుకాణం తోట విభాగంలో కొన్నాను. నిండా మొగ్గలు, ఒక్క పురుగు లేదు, ఆకులు నూనె రాసినట్టున్నాయి. ఇంటికి తెచ్చి ఆకులు కడిగి, వారం ఆగి బోనులో పెడదామని వంటగది కిటికీ దగ్గర ఉంచాను. ఆ మధ్యలో మా అమ్మాయి చేతిలోంచి కీచురాళ్ళ డబ్బా జారి నాలుగైదు పారిపోయాయి. రెండు రోజుల తర్వాత కుండీ మట్టి మీద మూడు వెల్లకిలా పడి ఉన్నాయి. పై ఆకుల అంచున రంపం కోసినట్టు చిన్న చిన్న కొరుకుళ్ళు. అప్పుడు కుండీకి గుచ్చిన చీటీ తీసి, వెనక చిన్న అక్షరాలు చదివాను. నియోనికోటినాయిడ్ రకం పురుగుమందు వాడినట్టు అందులో రాసే ఉంది. వాళ్ళు దాచలేదు, నేను చదవలేదు. నాలుగు రోజుల్లో ఆ మొక్క బోనులోకి వెళ్ళేది!

ఇమిడాక్లోప్రిడ్ లాంటి ఈ మందులు ఆకు పైన ఉండవు. వేరు నుంచి పీల్చుకుని మొక్క ఒంట్లోనే తిరుగుతాయి. సబ్బుతో కడిగినా, వెనిగర్‌తో తుడిచినా పోవు. కాండం గట్టిపడే మొక్కల్లో ఏడాది దాటి కూడా మిగలవచ్చు. అప్పటి నుంచి నేను మొక్క పేరు చూసే ముందు దాని పూర్వచరిత్ర అడుగుతున్నాను. పుట్టు పూర్వోత్తరాలు తెలియని మందారం కన్నా, రెండేళ్ళుగా మన కళ్ళ ముందు పెరిగిన మనీప్లాంటే వెయిల్డ్‌కి మేలని నా నమ్మకం. జాబితాలో మందారం పైన ఉంటుంది, అయినా సరే.

మరి మందు తగలని మందారం ఎక్కడ? ఇది మన తెలుగువాళ్ళకి తేలిక. వీధికొకరి పెరట్లో నాలుగైదేళ్ళ మందారం ఉంటుంది. పూజకి కోసే పువ్వు కాబట్టి పురుగుమందు కొట్టరు. పుల్ల మజ్జిగో బియ్యం కడుగో పోస్తారు, మహా అయితే వేపనూనె. మా వీధిలోనే ఒక పిన్నిగారి పెరట్లోంచి పెన్సిల్ లావు కొమ్మలు ఆరు తెచ్చాను. కింది ఆకులు తీసి, కణుపు కింద ఏటవాలుగా కోసి, తడి కోకోపీట్‌లో గుచ్చితే నెలన్నరకి నాలుగు వేరు పోశాయి. ఖర్చు సున్నా. ఓపిక మాత్రం కావాలి, బోనులో పెట్టే సైజుకి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

గొడుగు మొక్క

షెఫ్లెరా అర్బోరికోలా. తైవాన్, హైనాన్ ప్రాంతాల మొక్క. ఒక కాడ చివర ఏడెనిమిది ఆకులు గొడుగు ఊచల్లా విచ్చుకుంటాయి. బోను మధ్యలో నిలబెట్టడానికి ఒకే ఒక్క మొక్క కొనే ఓపిక మీకుంటే ఇదే కొనండి. కాండం గట్టిది, కాడలు గట్టివి. రంగడు నాలుగు కాళ్ళతో నాలుగు కాడలు పట్టుకుని ఆ గొడుగు కింద పడుకుంటాడు. వెలుతురు మరీ ఎక్కువ అడగదు. నీళ్ళు ఒక రోజు మర్చిపోయినా అలగదు. కొమ్మ తుంచితే పక్క నుంచి రెండు వస్తాయి.

దీని ఆకులోనూ ఆక్సలేట్లు ఉన్నాయి. వెయిల్డ్‌లు కొరుకుతాయి కూడా. లేత చిగురు ఎక్కువ ఇష్టం, అందుకే మాది ఎప్పుడూ సగం తిన్న గొడుగులా ఉంటుంది. నా లెక్కలో మనీప్లాంట్ పక్కనే దీని చోటు. నిలబడే పనికి ఇది, వేలాడే పనికి అది. దీన్ని కొమ్మ గుచ్చి పెంచడం మందారమంత సులువు కాదు కాబట్టి కొనాల్సి వస్తుంది. కొంటే అది ఎప్పటి నుంచి, ఏ మందుతో పెరిగిందో అడగండి. చిన్న నర్సరీల్లో ఆ సమాధానం దొరికే అవకాశం ఎక్కువ. సమాధానం దొరక్కపోతే ఆ మొక్క వద్దు.

ఫైకస్, డ్రసీనా

ఫైకస్ బెంజమినా అంటే మన మర్రి, రావి చెట్ల చుట్టం. కొమ్మలు చక్కగా నలుదిక్కులా సాగుతాయి, ఊసరవెల్లి నడవడానికి ఇంత బాగా ఏ మొక్కా కుదరదు. పాంథర్ పెంచేవాళ్ళకి ప్రాణం. నాకు మాత్రం రెండు కారణాల వల్ల నచ్చలేదు. ఒకటి, చోటు మారితే చాలు ఆకులన్నీ రాల్చేస్తుంది. కుండీని ఒక మూల నుంచి ఇంకో మూలకి జరిపిన పాపానికి మా స్నేహితుల ఇంట్లో పది రోజుల్లో మోడైంది. నెల తర్వాత మళ్ళీ చిగురించిందనుకోండి, ఆ నెలంతా జంతువుకి మరుగు లేదు. రెండు, కొమ్మ విరిగితే పాలు కారతాయి. అవి కంటికీ నోటికీ మంట పుట్టిస్తాయి. ఊసరవెల్లి లోపల ఉండగా కత్తెర పెట్టకూడదు. బయటికి తీసి కత్తిరించి, పాలు ఆరాక నీళ్ళతో కడిగి, మర్నాడు పెట్టాలి. వెయిల్డ్ ఉన్న ఇంట్లో ఇది రెండో వరస ఎంపికే.

డ్రసీనా, మొక్కజొన్న ఆకుల్లాంటి వెడల్పాటి పొడుగాటి ఆకులది. కాండం చిన్న దుంగలా ఉంటుంది, ఆకు మీద నీళ్ళు కాలువ కట్టినట్టు జారతాయి. పాంథర్‌కి బాగుంటుంది. ఆకులు తినే జాతికి నేను పెట్టను, వేరే మంచివి ఉండగా అవసరం లేదు.

అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్, బోస్టన్ ఫెర్న్

పిల్లి, కుక్కల జాబితాలోనూ ఈ మూడూ నిరపాయకరమే. అయినా బోనులో ఇవి తోడు పెళ్ళికొడుకులే. అరెకా పామ్ సొంత ఊరు మడగాస్కర్, పాంథర్‌కి ఊరి మొక్క. చూడముచ్చటగా ఉంటుంది, మట్టలు మాత్రం బరువుకి తల వంచేస్తాయి. స్పైడర్ ప్లాంట్ కుండీల అడుగున మట్టి కనపడకుండా కప్పడానికి బాగుంటుంది. ఫెర్న్ తేమ కోరుతుంది. చల్లగా, తేమగా ఉండే జాక్సన్స్ బోనులో పచ్చగా ఉంటుంది, మా రంగడి దీపం కింద పది రోజులకి కరకరలాడింది.

మన పెరటి మొక్కల్లో వద్దనేవి

గన్నేరు, పచ్చ గన్నేరు, బిళ్ళ గన్నేరు ఏదీ వద్దు. మొదటి రెండింటిలో గుండెని ఆపే విషం ఉంది. ఉమ్మెత్త, జిల్లేడు సంగతి చెప్పనక్కరలేదు. నందివర్ధనం పువ్వు ఎంత తెల్లగా ఉన్నా తుంచితే పాలు కారే మొక్క, వద్దు. పాయిన్‌సెట్టియా, క్రోటన్, డీఫెన్‌బాకియా, అజేలియా, సైకస్ అసలే వద్దు. కలబంద మంచిదని పేరు గానీ తొక్క కింది పసుపు జిగురు మంచిది కాదు.

తులసి గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆకు వల్ల కాదు గానీ, అంత తక్కువ వెలుతురులో తులసి నెల కూడా నిలవదు. పైగా దాని మీద ఊసరవెల్లి రెట్ట వేస్తే మా అత్తయ్యకి సమాధానం చెప్పే ధైర్యం నాకు లేదు. కరివేపాకు అమెరికాలో బంగారంతో సమానం. అది పోపులోకే.

కుండీ, మట్టి

కొన్న మట్టిలో తెల్లటి పూసల్లా పెర్లైట్ ఉంటుంది. దాని మీద కూర్చున్న పురుగు కోసం ఊసరవెల్లి నాలుక విసిరితే పూస కూడా నాలుకకి అంటుకుని లోపలికి పోతుంది. నెమ్మదిగా కరిగే ఎరువు గుళికలు, ఆ పసుపు పచ్చని గుండ్రటివి, ఇంకా ప్రమాదం. మొక్క తెచ్చిన రోజే పాత మట్టి అంతా దులిపి, వేళ్ళు బకెట్ నీళ్ళలో జాడించి, ఎరువు కలపని మట్టిలో నాటండి. ఆకులు రెండు వైపులా పల్చటి సబ్బు నీళ్ళతో తుడిచి, మంచి నీళ్ళతో రెండుసార్లు కడగండి. పైన నదిలో దొరికే నున్నటి రాళ్ళు పేర్చండి. ఒక్కోటి రంగడి తల కన్నా పెద్దదై ఉండాలన్నది మా కొలత.

వేపనూనె మనకి సర్వరోగ నివారిణి. కానీ బోనులో ఉన్న మొక్క మీద నేను కొట్టను. పిండినల్లి కనిపిస్తే కుండీ బయటికి తీసి, స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కొక్కటీ తుడిచి, కడిగి, వారం తర్వాత లోపలికి. వేడి దీపం కింద జానెడు దూరంలోపు ఏ ఆకూ ఉండకూడదు. మొదట ఆకు మాడుతుంది, తర్వాత దాన్ని పట్టుకుని జంతువు ఇంకా పైకి పాకి ఒళ్ళు కాల్చుకుంటుంది.

ఎవరికి ఏది

మొదటిసారి పెంచుతున్నారు, వెయిల్డ్, వెలుతురు తక్కువగా ఉన్న అపార్ట్‌మెంట్. మీకు మధ్యలో గొడుగు మొక్క, పైనుంచి మనీప్లాంట్. మందారం మొక్కగా వద్దు. తెలిసినవాళ్ళ పెరటి నుంచి వారానికి నాలుగు ఆకులు, ఒక పువ్వు తెచ్చి క్లిప్పుతో గుచ్చండి. నేనైతే ఎనిమిది నెలలూ అలాగే గడిపాను, రంగడికేం లోటు రాలేదు.

పెరడు ఉంది, ఎండ ఉంది, ఓపిక ఉంది అంటే పై రెండింటికీ తోడు మందారం రెండు కుండీలు, మార్చి మార్చి. టెక్సాస్ లాంటి చోట ఒక జాగ్రత్త. బయటి కుండీలో నిప్పు చీమలు పుట్ట పెడతాయి. అవి ఊసరవెల్లిని నిద్రలోనే కుట్టి చంపగలవు. లోపలికి తెచ్చే ముందు కుండీని అంచు దాకా బకెట్ నీళ్ళలో అరగంట ముంచండి, పైకి ఏం తేలుతుందో చూడండి. కిందటేడు అక్టోబర్‌లో నాకు తేలాయి. అలా తేలిన కుండీని నేను లోపలికి తేలేదు. మొక్క వేళ్ళు కడిగి కొత్త మట్టిలోకి మార్చాను. నవంబర్ నుంచి మార్చి దాకా రాత్రి చలి 50 ఫారెన్‌హీట్ దిగితే మందారం ఎలాగూ ఇంట్లోకి రావాల్సిందే.

పాంథర్ అయితే ఫైకస్ లేదా డ్రసీనా మధ్యలో, మనీప్లాంట్ పైన, పెట్టాక మళ్ళీ జరపకండి. జాక్సన్స్ అయితే గొడుగు మొక్క, ఫెర్న్.

డబ్బు తక్కువ ఉంది, నాలుగు మొక్కలు కొనలేం అంటారా? మనీప్లాంట్ కొమ్మలు పది అడిగి తెచ్చుకుని సీసాల్లో వేరు పోయించండి. బరువు మోయడానికి ఎండిన కర్రలు కట్టండి. చూడటానికి అంత బాగుండదు, జంతువుకి మాత్రం పనికొస్తుంది.

మీది ఆడ వెయిల్డ్ అయితే కుండీ విషయంలో ఇంకొకటి ఉంది. మగది లేకపోయినా అది గుడ్లు పెడుతుంది. ఒక్కో కాన్పులో 20 నుంచి 60 దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తవ్వుకోవడానికి తడి మట్టి దొరక్కపోతే గుడ్లు లోపలే ఆగిపోయి చనిపోతుంది. పైన చెప్పినట్టు రాళ్ళు పేర్చిన కుండీలు మాత్రమే ఉంటే దానికి తవ్వే చోటే ఉండదు. అందుకని అడుగు లోతున్న డబ్బాలో కడిగిన ఇసుక, పిడికిట పడితే ముద్దయ్యేంత తడిగా నింపి బోను అడుగున ఎప్పుడూ ఉంచండి. అది రాళ్ళని గీరుతూ కుండీల చుట్టూ తిరుగుతుంటే, ఆ డబ్బా వైపు దారి చూపి, బోనుకి దుప్పటి కప్పి, చూడకుండా వదిలేయండి. ఎవరైనా చూస్తున్నారనిపిస్తే తవ్వడం మధ్యలో ఆపేస్తుంది.